మంచం పక్కన దైవ సన్నిధి

(మన సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





నాకు ప్రసంగాలు అలవాటు లేదు. ముప్పై ఏళ్లు ఆర్టీసీలో కండక్టరుగా పనిచేశాను. కడప నుంచి రాయచోటికి, రాజంపేటకు బస్సెక్కినవాళ్లు మీలో చాలామంది ఉంటారు. నాకు వచ్చిన ప్రసంగం ఒక్కటే: "ముందుకు జరగండి, ముందుకు జరగండి." రిటైరైన తర్వాత నాలుగేళ్లుగా మన సొసైటీ తరపున మంచం పట్టిన పెద్దవాళ్ల ఇళ్లకు వెళుతున్నాను. మగవాళ్లకు స్నానం చేయించడం, గోళ్లు తీయడం, పక్క మార్చడం, మందులు తెచ్చివ్వడం నా పని. ఆడవాళ్ల ఇళ్లకు మన అక్కాచెల్లెళ్లు వెళతారు. నేనూ అరవై దాటినవాడినే. ఒక సీనియర్ సిటిజన్ ఇంకో సీనియర్ సిటిజన్‌కు సేవ చేయడమేమిటని మా ఆవిడ నవ్వుతుంది.

వృద్ధుల సేవలో దైవ సామీప్యం పొందడం గురించి మాట్లాడమన్నారు కార్యదర్శిగారు. అంత పెద్ద మాట మీద ఉలమాలు మాట్లాడాలి. నేను ఒక శుక్రవారం జరిగింది చెబుతాను. అందులో నా తప్పే ఎక్కువ. అందుకే చెప్పాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించాను.

నేను శుక్రవారం ఉదయం వెళ్లే ఇల్లు ఒక దర్జీ సాబ్‌ది. పేరు చెప్పను. మన ఊళ్లో ఆయన కుట్టిన షేర్వానీతో పెళ్లికొడుకులైనవాళ్లు ఈ సభలోనే ఉండొచ్చు. పక్షవాతం వచ్చి కుడి వైపు మొత్తం పడిపోయింది. మాట పోయింది. వినబడుతుంది, అర్థమవుతుంది, జవాబు మాత్రం చెప్పలేడు. ఒక్కడే కొడుకు, కువైట్‌లో డ్రైవరు. భాభీకి మోకాళ్ల నొప్పులు. ఆమె ఒక్కతే ఆయన్ను పక్కకు తిప్పలేదు.

ఈ పని ఎలా ఉంటుందో చూడనివాళ్ల కోసం రెండు మాటలు. మంచం పట్టిన మనిషిని పగలూ రాత్రీ రెండు గంటలకొకసారి పక్క మార్చాలి. మార్చకపోతే నడుము కింద, మడమల దగ్గర చర్మం ముందు ఎర్రబడుతుంది. ఆ ఎరుపు చూసి కూడా ఊరుకుంటే పుండు పడుతుంది. ఆ పుండు మానడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి మానదు. తిప్పేటప్పుడు పనిచేయని చేయి ఒంటి కింద నలిగిపోకుండా చూసుకోవాలి. తుడిచాక తడి ఎక్కడా ఉండకూడదు. దుప్పటిలో ముడత ఉండకూడదు. ఇవన్నీ నాకు ఒక నర్సమ్మ నేర్పింది. నేను నేర్చుకున్నాను. నేర్చుకోనిది ఒకటుంది, అదే ఇప్పుడు చెప్పబోయేది.

ఆ శుక్రవారం నాతో రావాల్సిన కుర్రాడు పరీక్షలని రాలేదు. ఒక్కడినే స్నానం చేయించాను. ఒళ్లు తుడిచి, ఉతికిన కుర్తా తొడిగి, అత్తరు రాసి కూర్చోబెట్టాను. నేను కూడా చేతులు కడుక్కుని, సంచిలో తెచ్చుకున్న తెల్ల బట్టలు వేసుకున్నాను. టైము పన్నెండున్నర. కువైట్‌లో అప్పుడు ఉదయం పది. అక్కడ శుక్రవారం సెలవు కదా, కొడుకు వీడియో కాల్ చేస్తాడు. ఫోను నీళ్ల చెంబుకు ఆనించి తండ్రికి కనబడేటట్టు పెట్టాను. ఇక మసీదుకు బయలుదేరదామని చెప్పులు వేసుకోబోతుంటే వాసన వచ్చింది.

పక్కంతా పాడైంది. ఇప్పుడే తొడిగిన కుర్తా కూడా.

నేనన్నాను: "ఇప్పుడేనా? జుమా టైముకే చేయాలా?"

గట్టిగానే అన్నాను. బస్సులో చిల్లర లేనివాడి మీద అరిచే గొంతుతో అన్నాను. ఆ గొంతు ముప్పై ఏళ్లు అన్నం పెట్టింది, అంత తొందరగా పోదు. దర్జీ సాబ్ నా ముఖం చూడలేదు. ఎడమ చేత్తో దుప్పటి అంచు పట్టుకుని తనే లాగేయాలని చూశాడు. నాకు పని తగ్గిద్దామని కాబోలు. లాగితే ఇంకా పాడవుతుంది. నేను ఆ చేయి పట్టుకుని పక్కకు పెట్టాను. మెల్లగా పెట్టలేదు.

అప్పుడు గుర్తొచ్చింది, చెంబుకు ఆనించిన ఫోను. కొడుకు అంతా చూశాడు, విన్నాడు. "చాచా, నేను మళ్లీ చేస్తాను" అని కాల్ కట్ చేశాడు. అంతే. ఒక్క మాట అనలేదు.

మొత్తం మళ్లీ చేశాను. నీళ్లు కాచడం, తిప్పడం, తుడవడం, దుప్పటి మార్చడం. నా తెల్ల బట్టలు కూడా పాడయ్యాయి. అయ్యేసరికి జుమా అయిపోయింది. ఇంటికి వెళ్లి స్నానం చేసి జుహర్ నమాజు నాలుగు రకాతులు చదువుకున్నాను. నమాజులో ఉన్నంతసేపూ నా మనసులో ఒకటే లెక్క. సేవ కోసం జుమా పోగొట్టుకున్నాను, అల్లాహ్ నాకు దీనికి ఏమిస్తాడు? ఇది నిజం, దాచి లాభం లేదు.

సాయంత్రం మౌలానా దగ్గరికి వెళ్లి అడిగాను, జుమా తప్పింది, నా సంగతేమిటని. అడిగినప్పుడు ఆయన మెచ్చుకుంటారని లోపల ఆశ. వదిలి రావడానికి వీల్లేని రోగి దగ్గర ఉన్నవాడికి జుమా విషయంలో సడలింపు ఉందని, జుహర్ చదివావు కాబట్టి ఆ దిగులు అక్కర్లేదని చెప్పారు. తర్వాత, అక్కడ ఏం జరిగింది అని అడిగారు. చెప్పాను. ఆయన కాసేపు ఊరుకుని, "జుమా విషయం అల్లాహ్‌కూ నీకూ మధ్య, అది సులభం. నువ్వన్న మాట ఆ మనిషికీ నీకూ మధ్య ఉంది. దానికి క్షమాపణ ఆయన్నే అడగాలి. వెళ్లి అడిగావా?" అన్నారు.

అడగలేదు.

అప్పుడాయన నాకొక హదీసు గుర్తుచేశారు. సహీహ్ ముస్లింలో ఉన్న హదీసె ఖుద్సీ అది, మీరు చాలాసార్లు విన్నదే. ప్రళయదినాన అల్లాహ్ తన దాసుడిని నిలదీస్తాడు, తాను జబ్బు పడితే పరామర్శకు రాలేదేమని. సర్వలోకాల ప్రభువువు, నిన్ను పరామర్శించడమేమిటని దాసుడు నివ్వెరపోతాడు. నా ఫలానా దాసుడు జబ్బు పడ్డాడు, నువ్వు వెళ్లలేదు, వెళ్లి ఉంటే నన్ను అతని దగ్గరే చూసేవాడివి అని అల్లాహ్ సెలవిస్తాడు. ఆ తర్వాత అన్నం సంగతి, నీళ్ల సంగతి కూడా ఇలాగే అడుగుతాడు.

మౌలానా నాకు చూపించిన తేడా ఇక్కడుంది. ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టి ఉంటే, దాహంతో ఉన్నవాడికి నీళ్లిచ్చి ఉంటే, దాని ఫలం నా దగ్గర దొరికేది అన్నట్టు ఉంది ఆ హదీసులో. రోగి దగ్గరికి వచ్చేసరికి మాట మారింది. ఫలం సంగతి కాదు, నన్నే అతని దగ్గర చూసేవాడివి అని. ఇన్నేళ్లూ విన్నాను, ఈ తేడా నాకు తట్టలేదు. అన్నం పెట్టినవాడి ప్రతిఫలం అల్లాహ్ దగ్గర భద్రంగా ఉంటుంది. మంచం పట్టినవాడి దగ్గర మాత్రం ఆయనే ఉంటానన్నాడు. ఎలా ఉంటాడు, ఏ తీరులో ఉంటాడు అన్నది మన బుద్ధికి అందేది కాదు, ఆ చర్చ ఉలమాలది. నాకు అర్థమైనంత మటుకు, నేను ఆ ఇంటికి అల్లాహ్ కారుణ్యాన్ని మోసుకెళుతున్నానని అనుకునేవాడిని. అది నేను వెళ్లకముందే అక్కడ ఉంది. నేను గడప దాటి దాని ముందుకు వెళుతున్నాను. అక్కడ నిలబడి నేను అరిచాను.

దివ్య ఖుర్ఆన్‌లో బనీ ఇస్రాయీల్ సూరాలో తల్లిదండ్రుల గురించి వచ్చిన ఆజ్ఞ మీకు తెలుసు. వాళ్లను 'ఉఫ్' అని కూడా అనకూడదు. చిన్నప్పుడు మదరసాలో నేర్చుకున్నప్పుడు నాకు అది మరీ చిన్న విషయమనిపించేది. కొట్టకూడదు, తిట్టకూడదు అంటే సరే, ఇంత చిన్న శబ్దానికి ఆజ్ఞ ఎందుకు? ఇప్పుడు తెలిసింది. పెద్దవాళ్లను కొట్టేవాళ్లు తక్కువ. రాత్రి మూడోసారి లేపినప్పుడు, ఇప్పుడే మార్చిన దుప్పటి మళ్లీ తడిసినప్పుడు నోట్లోంచి వచ్చేది ఆ చిన్న శబ్దమే. అది ఎక్కడి నుంచి వస్తుందో ఆయనకు తెలుసు. ఆ ఆయతులోనే 'ఇందక' అనే మాట ఉంది. వాళ్లు 'నీ దగ్గర' ముసలివాళ్లయితే, అని. దూరం నుంచి డబ్బు పంపేవాడికి ఉఫ్ అనే అవసరమే రాదు. పక్కనున్నవాడికే వస్తుంది.

మరుసటి రోజు వెళ్లాను. మంచం పక్కన కూర్చుని, "భాయ్‌సాబ్, నిన్న నేను తప్పుగా మాట్లాడాను, నన్ను మాఫ్ చేయండి" అన్నాను. మాట రాని మనిషిని క్షమించమని అడిగితే ఏమవుతుందో మీరెప్పుడైనా చూశారా? జవాబు రాదు. కూర్చోవాలి. ఆయన చాలాసేపు పైకప్పు చూశాడు. తర్వాత ఎడమ చేత్తో నా కుర్తా కాలరు పట్టుకుని దగ్గరకు లాక్కున్నాడు. కుట్టు మీద వేలు పెట్టి చివరిదాకా తడిమాడు. తల అడ్డంగా ఊపాడు. భాభీ నవ్వేసింది. "కుట్టు బాగాలేదంటున్నారు, ఎవరు కుట్టారని అడుగుతున్నారు" అంది. రెడీమేడ్ అని చెప్పాను. ఆయన ముఖంలో అసహ్యం చూడాలి. నా మాటను మాఫ్ చేశాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ కుర్తాను మాత్రం చేయలేదు.

కొడుక్కు ఫోన్ చేశాను. మళ్లీ అదే మాట చెప్పాను. అతను, "చాచా, నేనైతే అంతకంటే ఎక్కువే అని ఉండేవాడినేమో. విసుక్కోవడానికైనా నేను అక్కడ లేను కదా" అన్నాడు. మన ప్రాంతంలో ఇలాంటి ఇళ్లు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. రాయచోటి వైపు, రాజంపేట వైపు కువైట్‌కు ఎవరూ వెళ్లని వీధి వెతకాలి. ముసలి తల్లిదండ్రులను వదిలేసి పోయారని వాళ్లను అనేవాళ్లున్నారు. నేను అనలేను. ఆ ఇంటి మందుల చీటీ ఆ కువైట్ జీతంతోనే తీరుతోంది. 2007లో కేంద్రం చేసిన చట్టం ప్రకారం చూడని బిడ్డల నుంచి తల్లిదండ్రులకు పోషణ ఖర్చు ఇప్పించవచ్చు. కావాల్సిన చట్టమే. చూడాలని ఉండీ చూడలేని బిడ్డల కోసం మాత్రం చట్టం లేదు, ఇరుగుపొరుగే ఉండాలి.

ఆడవాళ్ల వైపు జరిగింది ఒకటి చెబుతాను. డిగ్రీ చదివే ఒక అమ్మాయి మతిమరుపు జబ్బున్న ఒక నానీ దగ్గరికి మధ్యాహ్నాలు వెళుతుంది. నానీ ఐదు నిమిషాలకొకసారి అడుగుతుంది, "బేటీ, నేను జుహర్ చదివానా?" అని. చదివావు నానీ అంటే ఊరుకుంటుంది, మళ్లీ అడుగుతుంది. అమ్మాయి విసిగి మౌలానా గారిని అడిగించింది, చదవకపోయినా చదివావని చెబితే అబద్ధమవుతుందా అని. మతి తప్పినవాళ్ల మీద నమాజు విధి కాదు, వాళ్ల లెక్క రాసే కలం ఎత్తేయబడిందని ఆయన చెప్పారు. ఇక ఎందుకు చదివించడం? అమ్మాయి ఏం చేసిందంటే, నానీ అడిగినప్పుడల్లా "రా నానీ, చదువుకుందాం" అని పక్కన కూర్చుని చదివిస్తోంది. కొన్ని రోజులు మధ్యాహ్నంలో నాలుగుసార్లు. చదివాక కాసేపు నానీ ముఖం తేటగా ఉంటుందట. ఆ అమ్మాయి నాతో అన్న మాట: "చాచా, చదివినట్టు ఆమెకు గుర్తుండదు. చదవాలని మాత్రం మరచిపోలేదు. నాకు అన్నీ గుర్తుంటాయి, ఫజర్‌కు లేవను." ఇప్పుడు లేస్తోందో లేదో నేను అడగలేదు.

ఇక దాతలైన మీతో కొన్ని మాటలు. కోపగించుకోకండి.

రంజాన్‌లో మన సొసైటీ ఆఫీసులో బియ్యం బస్తాలకు చోటు చాలదు. అల్లాహ్ మీకు బర్కత్ ఇవ్వాలి. షవ్వాల్ నెల వచ్చేసరికి గది ఖాళీ. మంచం పట్టిన మనిషికి షవ్వాల్ కూడా ఉంటుంది, జిల్‌ఖాదా కూడా ఉంటుంది. ఆయనకు రోజూ మూడు నాలుగు డైపర్లు కావాలి, గాలి పరుపు కావాలి, దానికి మోటారు చెడిపోతే బాగుచేయించాలి. డైపర్లకు విరాళం అంటే ఫ్లెక్సీ మీద రాయడానికి బాగుండదని నాకు తెలుసు. రంజాన్ కిట్టుకు ఇచ్చేదాన్నే పన్నెండు నెలలకు పంచి ఇస్తే మాకు చాలా సాయం.

జకాత్ గురించి అడుగుతుంటారు. జకాత్ డబ్బు అర్హులైన పేదలకే చెందుతుంది, కాబట్టి మనం దాన్ని వేరే లెక్కగా ఉంచుతున్నాం. ఆస్తి ఉండీ చూసే మనిషి లేని ఇళ్లున్నాయి. అలాంటి చోట సేవకయ్యే ఖర్చు సదఖా, సాధారణ విరాళాల నుంచే పెట్టాలి. ఒక పెద్దమనిషి వచ్చి, నా జకాత్ మీకిస్తాను, దాంతో మా అమ్మకే డైపర్లు, ఆయాను ఏర్పాటు చేయండి అన్నాడు. తల్లిదండ్రుల పోషణ బిడ్డ మీద బాధ్యత, అది జకాత్‌తో తీరదు, సొసైటీ చేతి మీదుగా తిప్పినా తీరదు. మౌలానా చెప్పాక ఆయన ఒప్పుకున్నాడు. జకాత్ వేరే ఇచ్చాడు, అమ్మకు ఆయాను వేరే పెట్టాడు.

ప్రభుత్వం నుంచి రావాల్సింది కూడా వదలకూడదు. మన రాష్ట్రంలో 2024 జూలై నుంచి వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలు. పక్షవాతంతో మంచానికే పరిమితమైనవారికి 15,000. దర్జీ సాబ్‌కు వైద్య పరీక్షలు, కాగితాలు నడిపించడానికి నాలుగుసార్లు మేడ మీద నుంచి కిందికి మోశాం. మోసేవాళ్లు కూడా కావాలి, అదీ విరాళమే. దిక్కుతోచని వృద్ధులెవరైనా కనబడితే 14567 అనే హెల్ప్‌లైన్ ఉంది, అది దేశమంతటా పనిచేస్తుంది.

ఫోటోలు. ఒక ఇంట్లో బియ్యం ఇస్తూ ఫోటో తీస్తుంటే ఒక బూబమ్మ చున్నీ ముఖం మీదికి లాక్కుంది. ఆ ఫోటో అలాగే సావనీరులో అచ్చయింది. అది మన తప్పే. అప్పటి నుంచి మానేశాం, ఈ సంచికలో అందుకే పెద్దల ఫోటోలు లేవు.

మక్కా విజయం నాడు, హిజ్రీ 8లో, అబూబకర్ (రజి) తన తండ్రి అబూ ఖుహాఫాను దైవప్రవక్త (స) దగ్గరికి తీసుకొచ్చారు. ఆయన ముసలివారు, చూపు లేదు, తల నెరిసి తెల్లబడింది. ఆ పెద్దాయనను ఇంట్లోనే ఉండనిచ్చి ఉంటే నేనే ఆయన దగ్గరికి వచ్చేవాడిని కదా అని ప్రవక్త (స) అన్నట్టు ఉల్లేఖనంలో ఉంది. అది మక్కా తన చేతికి వచ్చిన రోజు. ఎన్ని పనులుండి ఉంటాయో ఆలోచించండి. మనకు ఆదివారం నాడు తీరిక దొరకదు.

మన దగ్గర డబ్బు ఎప్పుడూ కొంత తక్కువే, అయినా ఎలాగో వస్తోంది. మనుషులు రావడం లేదు. ముఖ్యంగా మగవాళ్లు. ఆడవాళ్లు పదిహేను మంది వస్తే మగవాళ్లం నలుగురం. ఎత్తడానికి, తిప్పడానికి ఇద్దరుండాలి. ఒక్కడే ఉంటే అలసిపోతాడు, అలసిపోయినవాడి నోట్లోంచి ఏం వస్తుందో నేను చెప్పాను.

దర్జీ సాబ్ ఇంకా ఉన్నాడు, అల్‌హమ్దులిల్లాహ్. మొన్న ఎడమ చేత్తో చెంచా పట్టుకుని పాయసం తనే తాగాడు, సగం ఒలికింది. కొడుకు వచ్చే బక్రీద్‌కు వస్తానన్నాడు. ఇప్పుడు నేను శుక్రవారం బదులు గురువారం వెళ్లి స్నానం చేయిస్తున్నాను, శుక్రవారం పదిన్నరకు కూడా ఒకసారి వెళ్లి చూసి వస్తాను. ఆ పదిన్నరకు నాతో ఇంకొకరు కావాలి. బలం అక్కర్లేదు, పక్క తిప్పేటప్పుడు ఆయన చేయి పట్టుకుంటే చాలు. గుమ్మం దగ్గర బల్ల మీద నోటుబుక్కు ఉంది, పెన్ను దానికే కట్టి ఉంది. పేరు, ఫోన్ నంబరు, ఏ రోజు వస్తారో రాయండి. రెడీమేడ్ కుర్తా వేసుకుని రాకండి, ఆయన చూస్తాడు.

వస్సలాము అలైకుమ్.